నల్లరాతి దీవి చుట్టూ

మాది లేపాక్షి. ఏ దిక్కుకు పోయినా సముద్రం మా ఊరికి రమారమి మూడు వందల కిలోమీటర్లు. మా వంశంలో నా తరందాకా సముద్రం చూసినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు, దాటినవాడు ఒక్కడే. అతడు తిరిగి రాలేదు. ఆ సంగతి చెప్పకుండా నా ప్రయాణం సంగతి చెప్పడానికి వీల్లేదు గనుక ముందుగా అదే మనవి చేసుకుంటాను.

మా తాతగారి తాతకు ఒక అన్న ఉండేవాడట. పేరు మా ఊరి స్వామిదే. మా ప్రాంతంలో ప్రతి మూడో ఇంట్లోనూ వినిపించే వీరభద్రుడి పేరు. ధాత సంవత్సరంలో, అంటే 1876లో మొదలై, 1878దాకా సీమను పీల్చి పిప్పిచేసిన కరువును మా వైపు ఇప్పటికీ ధాత కరువు అంటారు. ఇరవై ఏళ్లయినా నిండని ఆ కుర్రవాడు గంజి పోసేచోట వరుసలో నిలబడి నిలబడి విసిగి, ఒకనాడు తమ్ముడి చేతికి తన చెంబు ఇచ్చి, "గుత్తికి పోయి రైలెక్కి మద్రాసు పోతా. పని దొరికితే రూకలు పంపిస్తా" అని వెళ్లాడు. మద్రాసులో ఎవరో మేస్త్రీ చెరకుతోటల పనికి మనుషులను ఓడ ఎక్కిస్తున్నాడని, అందులో మనవాడూ ఎక్కాడని కబురు మాత్రం వచ్చింది. ఓడ పేరు తెలియదు. పోయిన దేశం మోరీసు దీవి అని ఒకరు చెప్పారు. కాదు, నాటాలు అని మరొకరు చెప్పారు. రూకలు రాలేదు. మనిషీ రాలేదు.

పోయాడని తెలిస్తే తిథి ఉంటుంది. ఉన్నాడని తెలిస్తే ఉత్తరం ఉంటుంది. రెండూ లేవు. అందువల్ల మా ఇంట్లో మహాలయ అమావాస్యనాడు పెద్దలకు వేసే విస్తళ్లకు కాస్త ఎడంగా ఒక ఆకు వేస్తారు. అందులో ఇంత సంగటి, ఇంత పప్పు, ఒక బెల్లంముక్క. పేరు చెప్పరు. పిండం పెట్టరు. "వాడు వచ్చేది ఆకలితోనే కదప్పా" అనేది మా జేజి. దగ్గర దగ్గర నూటయాభై ఏళ్లుగా పడుతున్న ఆకు అది.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. తెలుగు బోధన గురించిన ఒక సదస్సుకు మారిషస్ నుంచి పిలుపు వచ్చినప్పుడు తోటి అధ్యాపకులు, "కొత్త పెళ్లికొడుకులు పోయే దీవికి ఈ వయస్సులోనా మాస్టారూ!" అని నవ్వారు. మా నాయన నవ్వలేదు. ఆయనకు డెబ్బై దాటినయ్.

"మోరీసంటే, మనోడు పోయిన మోరీసేనా?" అన్నాడు.

"దీవి అదే నాయనా. మనోడు పోయింది దానికేనని ఎట్ల చెప్పేది?"

"చెప్పొద్దులే. చూసిరా."

లేచిన పక్షి, లేవని పక్షి

బొంబాయి నుంచి విమానంలో ఆరు గంటల ప్రయాణం. తెరచాపల రోజుల్లో ఏడెనిమిది వారాలైనా పట్టేది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. పంచాంగం మాత్రం తలకిందులు. భూమధ్యరేఖకు దిగువన ఉన్న దీవి గనుక మన ఆషాఢ శ్రావణాలు వాళ్లకు చలికాలం. చలికాలమంటే కంగారు పడకండి. సముద్రపు ఒడ్డున మన సంక్రాంతి పగటిపూట ఎంత వెచ్చగా ఉంటుందో అంతే. నడుమనున్న మిట్టల మీదికి పోతే మాత్రం శాలువా వెతుక్కోవాలి.

దీవి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. మొత్తం విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 2022లో రెండు జిల్లాలుగా విడిపోకముందు మా అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు. అంటే మా జిల్లాలో పదో వంతు నేల మీద ఒక దేశం, ఒక జెండా, ఒక పార్లమెంటు! ఇక వాన సంగతి. మా జిల్లాకు సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు పడితే చాలు, పీరు పండుగ చేసుకుంటాము. ఆ దీవి నడిమి మిట్టల మీద 4,000 మిల్లీమీటర్ల దాకా కురుస్తుందట. విమానం దిగేవేళకు సన్నగా తుంపర పడుతున్నది. దిగినవాళ్లందరూ గొడుగులు విప్పారు. నేను ఒక్కణ్ణే తల మీద పడనిస్తూ నిలబడ్డాను. మా సీమవాడికి వానను తప్పించుకోవడం ఇంకా చేతకాలేదు.

దీవి పేరు చెప్పగానే చదువుకున్నవాళ్లకు డోడో పక్షి గుర్తు వస్తుంది. 1598లో డచ్చివారు అక్కడ దిగేనాటికి ఎగరడం మరచిన ఆ లావుపాటి పక్షి మనుషులను చూసి పారిపోవడం కూడా ఎరగదు. నూరేళ్లు తిరిగేలోపల ఒక్కటీ మిగలలేదు. మా ఊరి పేరుకు చెప్పే కథ మీకు తెలిసే ఉంటుంది. రెక్కలు తెగి పడిన జటాయువును చూసి రాముడు "లే, పక్షీ" అన్నాడని, అదే లేపాక్షి అయిందని పెద్దలు చెబుతారు. లేచిన పక్షి పేరు పెట్టుకున్న ఊరినుంచి లేవలేని పక్షి బొమ్మ వేసుకున్న దేశానికి వచ్చానన్నమాట! సదస్సులో నా మొదటి మాట ఇదే. బాగానే నవ్వారు.

డచ్చివారు 1710లో వదిలిపోయారు. తరువాత ఫ్రెంచివారు వచ్చారు. 1810లో ఇంగ్లీషువారు గెలుచుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు మాత్రం రద్దు కాలేదు గదా! తోటలకు చేతులు కావలసి వచ్చినవి. అప్పుడు వారి చూపు మన దేశంమీద పడింది.

పొలాల్లో గోపురాలు

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి పోతుంటే రోడ్డుకు రెండు వైపులా చెరకు. పచ్చని చెరకు నడుమ అక్కడక్కడ నల్లని రాతి కుప్పలు, రెండు నిలువుల ఎత్తున, కొన్ని మెట్లు మెట్లుగా పేర్చిన గోపురాల్లాగా. "ఇవేమిటి, గుళ్లా?" అని అడిగాను. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన పెద్దమనిషి అక్కడి బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు. ఆయన తెలుగు పుస్తకాల తెలుగు. నెమ్మదిగా కూడబలుక్కుని అన్నాడు: "మా తాతలు ఏరిన రాళ్లు."

దీవి అంతా ఒకప్పుడు సముద్రంలోనుంచి పొంగిన నిప్పుముద్ద. చల్లారిన లావా పగిలి నేలంతా నల్లరాళ్లు పరచుకొని ఉండేవి. చెరకు నాటాలంటే ముందు వాటిని ఎత్తాలి. యంత్రాలు లేవు. రాయి వెంట రాయి చేతులతో ఎత్తి పొలం నడుమ కుప్పవేశారు. ఎత్తినవాళ్లకు నెలకు అయిదు రూపాయలు, కొలిచి పోసిన బియ్యం పప్పు. అయిదేళ్ల ఒప్పందం. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత.

మా లేపాక్షి చుట్టూ చేలలో కూడా రైతులు రాళ్లు ఏరి గట్ల మీద కుప్పవేస్తారు. మావి తెల్లని గట్టిరాళ్లు, అవి నల్లనివి. అంతే తేడా. ఆ కుప్పలను చూస్తే పరదేశానికి వచ్చినట్టు అనిపించలేదు. కాకపోతే మా రైతు తన చేలో రాయి ఎత్తుతాడు. వాళ్లు పరాయి చేలో ఎత్తారు.

రాతి వంశావళి

తెలుగు మాస్టారికి రాళ్ల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. గుట్టమీద గుడి కట్టుకున్న ఊళ్లో పుట్టినవాడికి రాయంటే ఆసక్తి సహజం. మా వీరభద్రాలయం నిలిచిన బండ తాబేటి వీపులాగా ఉంటుంది గనుక కూర్మశైలం అంటారు. మా నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, అంతా ఏకశిల. ఆ గట్టిరాయి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. మారిషస్ దీవి దాని ముందర పసికందు. నీళ్లపైన అది తల ఎత్తి ఎనభై తొంభై లక్షల ఏళ్లకు మించలేదు.

దీవి నడుమ క్యూర్‌పిప్ అనే ఊరున్నది. దాని పక్కన లేళ్లగుంత అని అర్థం వచ్చే పేరుతో చల్లారిన అగ్నిపర్వతపు నోరు ఒకటి ఉన్నది. వెడల్పు మూడు వందల మీటర్ల పైన. లోపలంతా చెట్లు, అడుగున చిన్న నీటిమడుగు. ఉదయాన్నే ఊరివాళ్లు దాని అంచుమీద వ్యాయామానికి నడుస్తారు. మనవాళ్లు ప్రదక్షిణం చేసినట్టే! దక్షిణాన మరొక నోరు నీటితో నిండి సరస్సయింది. దాన్నే గంగాతలావ్ అని పిలిచి, శివరాత్రికి లక్షలమంది కాలినడకన కావళ్లు మోసుకొని పోతారు. నిప్పు వచ్చిన దారిన నీళ్లు నిలిస్తే, ఆ నీళ్లకు గంగ పేరు పెట్టుకున్నారు. దేశం వదిలి వచ్చినవాళ్లకు నది లేకపోతే ఎట్లా?

ఇక్కడ మన తెలుగు పాఠకులకు ఒక ముచ్చట చెప్పాలి. దీవికి నైరుతిగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో రీయూనియన్ అనే మరో దీవి ఉన్నది. అక్కడి అగ్నిపర్వతం ఈనాటికీ తరచుగా నిప్పులు కక్కుతూనే ఉంటుంది. భూమి లోపల ఒకచోట కుదురుగా మండే పొయ్యి ఉన్నదని, పైనున్న నేల పెంకు దానిమీదుగా మెల్లగా జరుగుతూ పోతుంటుందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. 6.6 కోట్ల సంవత్సరాల కిందట ఆ పొయ్యి మీద ఉన్నది మన దేశమే! అప్పుడు పొంగిన లావాయే దక్కను పీఠభూమిని కప్పి, చివికి నల్లరేగడి అయింది. ఆ ప్రవాహం నదీలోయల వెంట పారి మన రాజమహేంద్రవరం దాకా వచ్చింది. గోదావరికి అటు కాతేరు దగ్గరా, ఇటు పంగిడి దగ్గరా ఇప్పటికీ ఆ నల్లరాయి కనబడుతుంది. తరువాత మన దేశం ఉత్తరానికి జరిగిపోయింది. పొయ్యి మీదికి వచ్చిన సముద్రం అడుగున వరుసగా దీవులు లేచినవి. అందులో ఒకటి మారిషస్. పొయ్యి ఒకటే, వంటలు వేరు!

ఇంకొకటి వినండి. లూయిస్ ఆష్వాల్ అనే దక్షిణాఫ్రికా ఆచార్యుడూ ఆయన తోటివారూ 2017లో ఒక సంగతి ప్రకటించారు. ఈ పసికందు దీవి రాళ్లలో జిర్కాన్ అనే ఖనిజపు నలుసులు కొన్ని దొరికినవి. వాటి వయస్సు కట్టిచూస్తే 250 నుంచి 300 కోట్ల సంవత్సరాలు! అరవై లక్షల ఏళ్లయినా నిండని రాతిలోకి అంత ముసలి నలుసులు ఎట్లా వచ్చినవి? ఒకప్పుడు మడగాస్కరుకూ మన దేశానికీ నడుమనున్న పాతనేల ముక్క ఒకటి విరిగి ఆ దీవి కిందనే ఉండిపోయిందని, లావా పైకి వస్తూ అందులోని నలుసులను వెంట తెచ్చిందని వారి నిర్ణయం. మా లేపాక్షి బండ వయస్సు ఎంతో ఆ నలుసుల వయస్సూ ఇంచుమించు అంతే. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

కట్టుమరం మీద

సదస్సు ముగిసింది. చేతిలో ఆరు రోజులు మిగిలినవి. పడవ పోగలిగినచోట పడవలో, పోలేనిచోట బస్సులో దీవి చుట్టి రావాలనుకున్నాను. ఎందుకంటారా? దీవి చుట్టూ సుమారు 150 కిలోమీటర్ల పగడపు దిబ్బ కోటగోడలాగా ఉన్నది. పెద్ద కెరటాలన్నీ ఆ గోడ దగ్గరే విరిగి తెల్లని నురుగు గీతగా మిగులుతాయి. లోపలి నీరు మోకాటిలోతు నుంచి రెండు మూడు నిలువులదాకా, కోనేరులాగా నిలకడగా, పచ్చలరంగులో ఉంటుంది. అందులో ఎవరైనా పడవ నడపవచ్చు. దక్షిణపు కొసన గ్రీ గ్రీ అనే చోట మాత్రం గోడ లేదు. అక్కడ సముద్రం నల్లని రాతిగట్టు మీద నేరుగా వచ్చి పడుతుంది. ఆ చప్పుడు చెవిని పడగానే నా పక్కనున్న ఉపాధ్యాయుడు, "ఇది ఏడ్చే సముద్రం, అటుది నవ్వే సముద్రం" అన్నాడు.

నైరుతి కొసన లె మోర్న్ అనే కొండ 556 మీటర్ల ఎత్తున సముద్రంలోకి చొచ్చుకొని నిలబడి ఉంటుంది. తోటలనుంచి పారిపోయిన బానిసలు దానిమీద దాగేవారు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికి వచ్చారని భ్రమపడి, పైనుంచి దూకి చచ్చిపోయారని అక్కడివారు చెప్పుకొంటారు. ఆ కొండ నీడన చిన్న తెరచాప పడవలో ఒక గంట తిరిగాము. పడవ వాడు పాట పాడలేదు. మేము అడగనూ లేదు.

నాలుగోనాడు ఉత్తరాన గ్రాండ్ బే రేవు నుంచి పెద్ద పడవ ఎక్కాను. రెండు సన్నని దోనెలు జతచేసి పైన పలక బిగించి తెరచాప ఎత్తిన పడవ. దాన్ని కాటమరాన్ అంటారని సరంగు కుర్రవాడు నాకు చాలా వివరంగా బోధించాడు. "బాబూ, ఆ మాట మా తీరానిది. మరాలు కట్టింది గనుక కట్టుమరం. తెల్లవారు మా జాలరుల దగ్గర నేర్చుకుపోయారు" అన్నాను. వాడు నవ్వి క్రియోల్ భాషలో ఏదో అన్నాడు. పక్కవారు అనువదించారు: "అయితే మీకు పడవ అలవాటే అన్నమాట!"

కాదని పావుగంటలో తేలిపోయింది. పగడపు గోడ దాటగానే ఆగ్నేయపు గాలి అందుకున్నది. పడవ ముక్కు ఆకాశానికి లేస్తుంది, పాతాళానికి దిగుతుంది. ఉదయం తిన్నది దిగమింగుకొని తాడు పట్టుకొని కూర్చున్నాను. కట్టుమరం గురించి ఉపన్యాసమిచ్చిన మాస్టారు తలకాయ వంచి కూర్చోవడం చూసి సరంగుకు ఎంత సంతోషమో చెప్పలేను. నిమ్మచెక్క ఇచ్చాడు. పాపం, మంచివాడే.

ముందుగా కోయ్న్ ద మీర్ అనే దీవి కనబడింది. పక్కకు వంచిన ఇటుకలాగా ఏటవాలుగా ఉంటుంది. దగ్గరికి పోతే గోడమీద పొరలు పొరలుగా అగ్నిపర్వతపు బూడిద పేర్చినట్టు కనబడుతుంది. పొడుగుతోక తెల్లపక్షులు ఆ సందుల్లో గూళ్లు కట్టుకున్నవి. మరికొంత దూరం పోతే సమతల దీవి. అక్కడివారు ప్లాట్ దీవి అంటారు. దాని పక్కనే చిన్నది గాబ్రియేల్ దీవి. రెంటి నడుమ నీరు అద్దంలాగా ఉన్నది. లంగరు వేశారు. యాత్రికులు ఈతకు దిగారు. వంటవాడు చేపలు కాల్చడం మొదలుపెట్టాడు. పాటలు, కేరింతలు.

నేను ఒడ్డుకు దిగి కూర్చున్నాను. ఆ దీవుల కథ నాకు ముందే తెలుసు. 1856 జనవరిలో కలకత్తానుంచి వచ్చిన రెండు ఓడల్లో కలరా తగిలింది. పట్నంలోకి రానివ్వకుండా కూలీలను ఈ గాబ్రియేల్ దీవి మీద దించారు. సరైన నీడ లేదు, చాలినంత నీళ్లు లేవు. దాదాపు ఏడు వందలమందిలో సుమారు మూడు వందలమంది అక్కడే పోయారు. ఆ వార్త విని మన దేశపు ప్రభుత్వం కొంతకాలం ఈ దీవికి మనుషులను పంపడమే ఆపివేసింది. తరువాత కూడా ఏళ్ల తరబడి రోగం అనుమానం తగిలిన ఓడలను అక్కడనే నిలిపేవారు.

వాళ్లకు పట్నం ఎదురుగా కనబడుతూనే ఉండి ఉంటుంది. నాకు కనబడుతున్నది. మనోడు కూడా ఇక్కడ ఆగాడా? ఆగితే దాటాడా? నా చేతి సంచీలో మా ఆవిడ కట్టిన వేరుశనగ ఉండ ఒకటి మిగిలింది. దాన్ని ఒక నల్లరాతి మీద పెట్టి వచ్చాను. పేరు చెప్పలేదు. చేపలు కాలినవి రమ్మని పిలిచారు. పోయి కూర్చున్నాను గాని తినలేకపోయాను. సరంగు అది కూడా కెరటాల మహిమే అనుకున్నాడు.

ఇసుకలో సూది

రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ అనే చోటున్నది. కలకత్తానుంచి అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలను తెచ్చి దింపింది 1834 నవంబరు 2న. ఆనాటినుంచి 1920 లోపల సుమారు నాలుగున్నర లక్షల మంది ఈ రేవున దిగారు. ఎక్కువమంది బీహారు వైపువారు. మద్రాసు రాజధానివారు, బొంబాయివారు తరువాతి పాలు. ఆ రాతిమెట్లు, కూలీలను ఉంచిన కొట్లు ఇప్పటికీ ఉన్నవి. 2006లో యునెస్కోవారు దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. మన తెలుగువాళ్లు విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కోరంగి రేవున ఓడ ఎక్కారు. అందుకని దీవిలో తెలుగువాళ్లకు 'కోరంగీలు' అని పేరు పడింది. రేవు పేరే జాతి పేరు!

వచ్చినవాళ్ల చిట్టాలు మోకా అనే ఊరి దగ్గర మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరిచి ఉన్నవి. గాంధీగారు 1901లో దక్షిణాఫ్రికా నుంచి వస్తూ ఈ దీవిలో మూడు వారాలలోపు ఉన్నారు. ఆయన పేరుతో 1970లో ఏర్పడిన సంస్థ అది. అక్కడ తెలుగు శాఖ కూడా ఉన్నది. చిట్టాలో ప్రతి మనిషికీ ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, కులం, ఊరు. 1860ల తరువాత వచ్చినవారిలో చాలామందికి ఫోటోలు కూడా ఉన్నవి. ఆ ముఖాలను చూడడం అంత తేలిక కాదు. నవ్వేవాడు ఒక్కడూ లేడు.

వెతకడానికి ముందు చిన్న చిక్కు. ఆనాటికి అనంతపురం జిల్లాయే లేదు. అది 1882లో బళ్ళారి నుంచి విడిపడింది. కనుక నేను వెతకవలసిన మాట బళ్ళారి. పేర్లు విన్నవాడు తెల్లదొర గుమాస్తా, రాసింది అతని చెవికి అందినట్టు. ఉపాధ్యాయుడూ నేనూ ఒక పూటంతా కూర్చున్నాము. పేరు కలిసినచోట జిల్లా కలవదు. జిల్లా కలిసినచోట వయస్సు కలవదు. అన్నీ కలిసినట్టున్న ఒకచోట తండ్రి పేరు మరొకటి. సాయంత్రమయింది. పుస్తకం మూసి దండం పెట్టి లేచాను.

సన్నికల్లు

మరునాడు ఉపాధ్యాయుడు తన ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్లింటి పేరు వాళ్ల పూర్వీకుడి పేరే. అక్కడ అందరికీ అంతే. చిట్టాలో మొదట రాసుకున్న అప్పన్నో, సన్యాసో, వెంకటస్వామో ఫ్రెంచి అక్షరాల్లో ఇంటిపేరయి కూర్చున్నాడు. ఇంట్లో మాట్లాడుకొనేది క్రియోల్. గోడమీద సింహాద్రి అప్పన్న పటం. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఆంధ్ర మహాసభ ఉన్నది. రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేసే ఆచారం ఉన్నది. బడుల్లో తెలుగు పాఠం ఉన్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. భాష ఇంట్లోనుంచి జారిపోకుండా బడిలో పట్టుకొని ఉన్నారన్నమాట.

ఆయన తల్లిగారికి ఎనభై పైన ఉంటుంది. వంటింటి వెనక నల్లని లావారాతి సన్నికల్లు మీద పచ్చడి నూరుతున్నది. అక్కడ దాన్ని రోస్ కారీ అంటారు, కూరరాయి అన్నమాట. పొత్రాన్ని రాతిపాప అంటారట. ఎంత ముద్దుగా ఉన్నదో చూడండి! బీరకాయకు పిపంగాయ్ అంటారు. ఆ చివరి 'గాయ్' ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు. నన్ను చూసి ముసలమ్మ చేయి కడుక్కొని, ఒక పీట లాగి, "కూకో నాయనా" అన్నది.

ఉపాధ్యాయుడు ఆశ్చర్యపోయాడు. తల్లి తెలుగు మాట్లాడడం ఆయన ఎప్పుడో గాని వినలేదట. బడిలో 'కూర్చోండి' అని నేర్పుతాడు గాని 'కూకో' ఆయన పుస్తకంలో లేదు. అది విశాఖ, శ్రీకాకుళం వైపు పల్లెల మాట. నూరేళ్ల పైన క్రియోల్, ఫ్రెంచి, ఇంగ్లీషు, భోజ్‌పురీ పైన పొరలు పొరలుగా పేరుకున్నా అడుగున కరగకుండా ఉండిపోయింది. నాకు ఆ జిర్కాన్ నలుసులు గుర్తు వచ్చినవి.

కొడుకు అనువాదం చేస్తుండగా ఆమెకు మా వంశం సంగతి చెప్పాను. ఆకు సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నది. తరువాత తన కథ చెప్పింది. వాళ్ల మామగారు బతికున్నన్నాళ్లూ మన ఊరు కోరంగి, మన ఊరు కోరంగి అని కలవరించేవాడట. ఒక ఏడు కొడుకు ఖర్చుపెట్టుకొని మన దేశం వచ్చి కోరంగి చూశాడు. మడ అడవులు, వంతెన, కొన్ని ఇళ్లు. ఓడలు లేవు, రేవు ఎన్నడో పూడిపోయింది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన నుంచి అది మునుపటిలాగా కోలుకోనే లేదు. వాళ్ల పేరు ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ఉండడు గదా! కోరంగి వాళ్లు ఓడ ఎక్కిన చోటు. బయలుదేరిన పల్లె ఏదో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చి తల్లికి ఆ మాట చెప్పడానికి ఆయనకు నెలరోజులు పట్టిందట.

ముసలమ్మ సన్నికల్లు తుడుస్తూ క్రియోల్‌లో ఏదో అన్నది. కొడుకు కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు:

"మా మనుషులు అక్కడ దొరకలేదు, మీ మనిషి ఇక్కడ దొరకలేదు. చెల్లుకు చెల్లు. అన్నం తినమంటున్నది."

తిన్నాను. ఆ దీవిలో కడుపునిండా తిన్న మొదటి భోజనం అదే.

ఆకు

మా ఊరికి తిరిగి వచ్చేసరికి వాన లేదు, మబ్బు లేదు. శనగచేలు ఎండుమొహం పెట్టి ఉన్నవి. నాయన అరుగుమీద కూర్చొని ఉన్నాడు. చెప్పులు విడవకముందే, "కనపడినాడా?" అన్నాడు.

అంతా చెప్పాను. రాతికుప్పలు, చిట్టా, గాబ్రియేల్ దీవి, ముసలమ్మ మాట. చెల్లుకు చెల్లు అన్న దగ్గర నాయన తలకాయ పైకెత్తాడు.

"ఆయమ్మ మామ ఊరు ఏదో మనమేమన్నా కనుక్కోలేమా?" అన్నాడు.

"కష్టం నాయనా. ఒక్క పేరు తప్ప ఏమీ లేదు."

"మనకు మాత్రం ఏముండాది?"

ఆ ఏడు మహాలయ అమావాస్య వచ్చింది. పెద్దల విస్తళ్లు వేసి మా ఆవిడ వడ్డించింది. ఎడంగా వేసే ఆకు తీసుకొని నాయన ముఖం చూసింది. దొరకలేదని తేలింది గదా, ఇంకా వెయ్యాలా అని ఆమె సందేహం.

"దొరకలేదంటే పోయినాడని కాదు గదమ్మా. వెయ్యి" అన్నాడు నాయన. కొంచెంసేపు ఆగి మళ్లీ అన్నాడు: "ఇంకొకటి కూడా వెయ్యి. ఆయమ్మ మామకు."

రెండు ఆకులు పడినవి.